లేతు యంత్రము – దానిని నిలుపు విధము

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి, ఆత్మకూరు అను ఊళ్లు కలవు. ఇది మెట్టసీమ. సముద్రతీరపు డెల్టాలోవలె ఇచట పొలములన్నింటికిని కాలువ నీరు అందదు. పెన్నానదిపై సోమశిల జలాశయము నిర్మింపబడిన పిదప కొంత భూమికి నీటివసతి కలిగినది. తక్కిన చోట్ల రైతులకు వానయు, బావియు, బోరుబావియు దిక్కు. బావిలోని నీరు పైకి రావలెనన్న మోటారు తిరుగవలెను. మోటారు తిరుగవలెనన్న దాని నడుమ నున్న ఇరుసు, అనగా షాఫ్టు, వంకరలేక గుండ్రముగా నుండవలెను. మండు వేసవిలో ఆ షాఫ్టు అరిగి మోటారు ఆగిపోయినచో, చేతికి రానున్న పైరు రైతు కన్నులయెదుటనే వాడిపోవును. అట్టి షాఫ్టును సరిచేయుటకో, క్రొత్తది చేసి యిచ్చుటకో ఉపయోగపడు యంత్రమునకు లేతు అని పేరు. పల్లెలలో దానిని లేత్ మిషను అందురు.

లేతును కొనుటకు ధనము చాలును. దానిని సరిగా నిలుపుటకు మాత్రము ఓర్పును, కొలతయందు శ్రద్ధయు కావలెను. ఎంత వెలపెట్టి కొన్న లేతైనను, నేలపై మెలితిరిగి నిలిచినచో అది చేయు పని యంతయు వంకరయే యగును. ఇది యెట్లో తెలియుటకు, లేతు యనగా నేమో, అది యెట్లు పెరిగి పెద్దదయ్యెనో ముందుగా చూడవలెను.

కుమ్మరివాని సారెపై మట్టిముద్ద తిరుగుచుండును. కుమ్మరి చేయి నిలుకడగా నుండును. అందుచేతనే కుండ గుండ్రముగా వచ్చును. లేతు సూత్రమును ఇదియే. పని తిరుగును, పనిముట్టు తిరుగక నిలుచును. కొయ్యను ఈవిధముగా త్రిప్పుచు ఉలితో చెక్కు సాధనమును తెలుగువారు తరిమెన అనిరి. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో తరిమెనమీద తయారగునవే. తిరుగుచున్న కర్రకు లక్కకడ్డీని ఆనించినచో, రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి, రంగు సమముగా పట్టును. కొండపల్లి బొమ్మలు అట్టివి కావు. అవి పొనికి కర్రను ఉలితో మలచి చేయునవి.

ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు దేశమందు పేరుపొందినవి. వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. చెంచా గుండ్రని వస్తువు కాదు. దాని కాడ యొక తీరు, గుంట యొక తీరు. కావున అచటి పనివారు రంపముతో కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో రాచి దానికి రూపము కల్పింతురు. అచట కంటిచూపే కొలబద్ద. ఒక చెంచాకును మరియొక చెంచాకును వెంట్రుకవాసి భేదమున్నను నష్టము లేదు. మోటారు షాఫ్టు విషయమున అట్లు కాదు. అది మరియొక ఇనుప వస్తువులో ఇముడవలెను. అచట వెంట్రుకవాసి భేదము కూడ పెద్ద తప్పే.

ఉదయగిరికి కోటవలనను ప్రసిద్ధి కలదు. గజపతుల యేలుబడిలో నున్న ఆ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, మరుసటి సంవత్సరమున వశపరచుకొనెను. కోటల చరిత్రను తలచునపుడు ఫిరంగులును స్మరణకు వచ్చును. చిత్రమేమనగా, లోహమును కోయు యంత్రముల చరిత్ర కూడ ఫిరంగులతోనే ముడిపడియున్నది.

పూర్వము ఫిరంగిని పోతపోయునపుడు అచ్చు నడుమ మట్టికడ్డీ నొకదానిని నిలిపి, దాని చుట్టును కరగిన లోహమును పోసెడివారు. లోహము గట్టిపడిన పిదప మట్టిని తీసివేసినచో రంధ్రము మిగిలెడిది. మట్టికడ్డీ ఏమాత్రము కదలినను రంధ్రము ఒక ప్రక్కకు ఒరిగెడిది. అట్టి ఫిరంగి గురి తప్పుటయే కాక, గోడ పలుచనైనచోట పగిలి, ప్రేల్చువారినే చంపుట కూడ కలదు. పదునెనిమిదవ శతాబ్దమున స్విట్జర్లాండు దేశస్థుడైన మారిట్జ్ అను శిల్పి దీనికి ఉపాయము కనిపెట్టెను. ఫిరంగిని రంధ్రము లేని గట్టి దిమ్మెగా పోతపోసి, పిదప దానిని తొలుచుట ఆ ఉపాయము. దిమ్మెను అడ్డముగా పరుండబెట్టి త్రిప్పుచు, తిరుగని తొలుపుకడ్డీని దానిలోనికి నడపు పద్ధతి క్రమముగా వ్యాపించెను. ఇచటను పని తిరుగును, పనిముట్టు నిలుచును.

ఇంగ్లాండులో జాన్ విల్కిన్సన్ అను ఇనుప వర్తకుడు 1774లో ఫిరంగులను తొలుచు పద్ధతికి పేటెంటు పొందెను. స్వల్పకాలములోనే అతడు మరియొక తొలుపు యంత్రమును నిర్మించి, జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు కావలసిన పెద్ద సిలిండర్లను తొలిచి యిచ్చెను. అంతకుముందు సిలిండరు గోడకును పిస్టనుకును నడుమ సందులు మిగిలి ఆవిరి వృథాగా పోయెడిది. ఆ సందు తగ్గిన పిదపనే వాట్ యంత్రము లోకమునకు ఉపయోగపడెను. ఫిరంగికొరకు పుట్టిన నేర్పు ఈవిధముగా గనులకును, మిల్లులకును సేవచేసెను. జర్మనీలోని మ్యూనిక్ నగరపు ఆయుధశాలలో రమ్‌ఫర్డ్ ప్రభువు మరియొక వింతను గమనించెను. ఫిరంగిని తొలుచుచున్నంతసేపును వేడి పుట్టుచునేయుండెను; దానికి తుది కానరాలేదు. వేడిమి యనునది ఒక పదార్థము కాదనియు, అది చలనమునుండి పుట్టుననియు ఆయన 1798లో ప్రకటించెను. నేడు పాఠశాలలలో చెప్పు ఉష్ణశాస్త్రమునకు ఇట్టి పరిశీలనలే పునాదులు.

హెన్రీ మాడ్స్‌లే 1771లో జన్మించెను. అతడు పండ్రెండేండ్ల బాలుడై యుండగా లండను సమీపమునందలి ఉలిచ్ ఆయుధశాలలో తూటాలలో మందు నింపు పనికి కుదిరెను. అతడే పెద్దవాడై, 1800 ప్రాంతమున మరలను కోయు లేతును నిర్మించెను. అంతవరకు లోహమును కోయువాడు ఉలిని చేతితోనే పట్టుకొనెడివాడు. చేయి వణకినచో పనియు వణకెడిది. మాడ్స్‌లే లేతులో ఉలిని ఒక ఇనుప బండి పట్టుకొనును. ఆ బండిని పొడవైన యొక మరకడ్డీ సమవేగమున నడపును. 1820 ప్రాంతమున అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకి మడమలను చెక్కు లేతును నిర్మించెను. తుపాకి మడమ ఉదయగిరి చెంచావలె గుండ్రము కాని కొయ్యవస్తువు. బ్లాంచర్డ్ యంత్రములో ఒక చక్రము నమూనాను తాకుచు పోవును. కోయు చక్రము దానిని అనుసరించి అదే ఆకారమును చెక్కును.

తెలుగుదేశమునకును ఈ చరిత్రతో సంబంధము కలదు. నిజాము కొలువులో నుండి 1798లో మరణించిన రేమండ్ అను ఫ్రెంచి సేనాని హైదరాబాదులో ఫిరంగుల పోతశాలను నెలకొల్పెను. ఆ ప్రదేశమునకు గన్‌ఫౌండ్రీ అను పేరు నేటికిని నిలిచియున్నది. ఈస్టిండియా కంపెనీవారు 1801లో కలకత్తా సమీపమునందలి కాశీపూరులో ఫిరంగిబండ్ల కర్మాగారమును స్థాపించిరి.

ఇంతమాత్రమున, లేతు చేతనున్న ప్రతివాడును ఇంటిలో తుపాకిని చేయవచ్చునని తలపరాదు. కొన్ని దేశములలో ఇండ్లలో తుపాకులు బాగుచేసికొనుట అభిరుచిగా సాగుచున్నది. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకిని చేయుట మాత్రమే కాదు, వృత్తిగా బాగుచేయుట కూడ నేరము. 2019లో ఆ చట్టమును సవరించి, తయారీ నేరమునకు ఏడేండ్లకు తగ్గని కారాగారశిక్షను విధించిరి. చట్టము మాట అటుండగా, పరీక్షింపబడని నాటు గొట్టము మందు వేడికిని ఒత్తిడికిని ఎప్పుడు పగులునో చెప్పలేము. ఫిరంగిగోడ పలుచనైన నాటి ప్రమాదమే అచట పొంచియుండును. కావున మెట్టసీమ లేతుకు తగిన పని నాగలి, బండి, పంపు, మోటారు. ఆ పనికి కావలసిన నేర్పు తుపాకిపనికి కావలసినదానికి ఏమాత్రమును తీసిపోదు.

ఇక లేతు అంగములు. అన్నిటికిని క్రింద పొడవుగా నుండు ఇనుప పోతభాగమును బెడ్డు అందురు. దానిపై రెండు పట్టాలు రైలు పట్టాలవలె సమాంతరముగా సాగును. నిలుచున్న పనివాని ఎడమచేతివైపున హెడ్‌స్టాక్ ఉండును. మోటారు శక్తితో తిరుగు కుదురు, అనగా స్పిండిల్, దానిలో నున్నది. కుదురు కొసన పనిని పట్టు దవుడలు గల చక్ బిగింపబడియుండును. కుడివైపున నుండు టెయిల్‌స్టాక్ పొడవైన పనికి రెండవ కొసను ఆనుదల నిచ్చును. రెండింటి నడుమ పట్టాలపై నడచు బండి కారేజి. దానిపై అడ్డముగా జరుగు క్రాస్‌స్లైడును, ఉలిని పట్టు టూల్‌పోస్టును ఉండును. బెడ్డు ముందువైపున లీడ్‌స్క్రూ అను పొడవైన మరకడ్డీ కలదు. పండ్లచక్రములను మార్చి దాని వేగమును మార్చినచో కావలసిన కొలతకు మరలు కోయవచ్చును.

లేతును ఎన్నుకొనువాడు ముందుగా తాను చేయబోవు పనిని తలపవలెను. పనియెంతో తెలియక యంత్రము కొనుట, కాలు కొలువక చెప్పులు కుట్టించుట వంటిది. చూడవలసిన కొలతలు ముఖ్యముగా మూడు. కుదురు నడిమిబిందువునకును బెడ్డునకును గల ఎత్తు మొదటిది. ఆ యెత్తు 150 మిల్లీమీటర్లైనచో 300 మిల్లీమీటర్ల వ్యాసముగల పని బెడ్డుపై తిరుగగలదు. అయినను కారేజి మీదుగా తిరుగవలసిన పని అంతకు చిన్నదిగా నుండవలెను. రెండు కొసల నడుమ పట్టు పొడవు రెండవది. కుదురులోని రంధ్రము మూడవది. ఆ రంధ్రము పెద్దదైనచో పొడవైన కడ్డీని దానిలో దూర్చి, కొసను మాత్రము కోయవచ్చును. మన బజారులో లేతులను బెడ్డు పొడవునుబట్టి నాలుగున్నర అడుగుల లేతు, ఆరడుగుల లేతు అని పేర్కొందురు. ఆ యొక్క కొలతను మాత్రము విని కొనరాదు.

నాలుగవది బరువు. లేతునకు బరువు దోషము కాదు, గుణము. ఉలి ఇనుమును కోయునపుడు అదురు పుట్టును. బరువైన పోతయినుము ఆ అదురును మ్రింగివేయును. తేలికైన యంత్రము తానే అదరి, పనిమీద అలలవంటి గీతలు మిగుల్చును. ఐదవది విద్యుత్తు. చిన్న లేతులు సింగిల్ ఫేజు మోటారుతో నడచును. పెద్దవానికి త్రీ ఫేజు కావలెను. వ్యవసాయమునకు ఇచ్చిన కరెంటును కార్ఖానాకు వాడరాదు. దానికి వేరు సర్వీసు పొందవలెను.

మన దేశమున లేతుల తయారీకి పేరుపొందిన స్థలములు పెక్కు కలవు. సికిందరాబాదులో 1943లో ప్రాగా టూల్స్ ఏర్పడెను. కేంద్ర ప్రభుత్వము 1953లో బెంగుళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థను స్థాపించెను. హెచ్.ఎం.టి. అను పేరున చేతిగడియారములు చేసిన సంస్థయు అదియే. కాని అది మొదట చేసినవి లేతులే. రాజకోట, లూధియానా, బటాలా నగరములలోని చిన్న కార్ఖానాల లేతులు ఊరూరను కనబడును.

పాత లేతును కొనువారు రంగును చూచి మోసపోరాదు. రంగు ఒక దినములో వేయవచ్చును. అరిగిన బెడ్డును సరిచేయుట దుర్లభము. పని యంతయు చక్ దగ్గరనే ఎక్కువగా జరుగును గనుక బెడ్డు అచటనే ముందుగా అరుగును. కారేజిని చక్ దగ్గర వదులు లేకుండ బిగించి, కుడికొసకు నడిపి చూడవలెను. చక్ దగ్గర సులభముగా కదలి, కుడికొసన పట్టుకొనిపోయినచో బెడ్డు అరిగినదని అర్థము. పిదప కుదురుపై డయల్‌గేజి ముల్లును ఆనించి, చేతితో త్రిప్పి చూడవలెను. ముల్లు ఊగినచో కుదురు సరిగా తిరుగుటలేదని తెలియును. ఇట్టి పరీక్షకు ఒప్పుకొనని అమ్మకందారునివద్ద కొనకుండుట మేలు.

లేతు ఇంటికి వచ్చిన పిదప అసలు పని మొదలగును. దానిని నిలుపు గదిలో నేల గట్టిగా నుండవలెను. మట్టినేలపైనను, పగిలిన నాపరాళ్లపైనను నిలుపరాదు. కాంక్రీటు దిమ్మె వేయించి, దానిని చక్కగా తడుపుచు ఆరనీయవలెను. కాంక్రీటు తన బలమును చాలవరకు పొందుటకు 28 దినములు పట్టును. తొందరపడి పచ్చి దిమ్మెపై నిలిపినచో, దిమ్మెతోపాటు యంత్రమును క్రుంగును. సానరాయి ప్రక్కన లేతు నుంచరాదు. సానరాతి పొడి పట్టాలపై పడినచో కారేజి నడచినప్పుడెల్ల వానిని అరగదీయును.

యంత్రమును దింపునపుడు చెయిన్ కప్పీతో ఎత్తుట క్షేమము. కప్పీ లేనిచోట ఇనుప గొట్టములను క్రింద పరచి దొర్లింతురు. లేతు బరువు హెడ్‌స్టాక్ వైపునకే మొగ్గియుండును గనుక అది పక్కకు ఒరుగుటకు వీలు కలదు. ఒరుగుచున్న లేతును చేతులతో ఆపబూనుట ప్రాణాపాయము. అట్టి వేళ తొలగిపోవుటయే వివేకము.

దిమ్మెపై నిలిపిన వెంటనే బోల్టులు బిగింపరాదు. ముందు మట్టము చూడవలెను. వడ్రంగి వాడు మట్టపుబద్ద, అనగా సాధారణపు స్పిరిట్ లెవెల్, దీనికి చాలదు. మీటరు పొడవునకు మిల్లీమీటరులో ఏబదవ వంతు ఎత్తుపల్లమును కూడ చూపు సూక్ష్మమైన లెవెల్ కావలెను. దానిని పట్టాలకు అడ్డముగా ముందు చక్ దగ్గర, పిదప కుడికొసన ఉంచి చూడవలెను. రెండుచోట్లను బుడగ ఒకే గీతవద్ద నిలువవలెను. లేతు కొంచెము ఒకవైపునకు వాలియున్నను పెద్ద హాని లేదు. ఓడలోని లేతులు కూడ పనిచేయుచునే యుండును. ఒక కొస ఒక తీరున, రెండవ కొస మరియొక తీరున నుండుటయే హాని. పిండిన బట్టవలె బెడ్డు మెలిపడినదని దాని భావము. నాలుగంగుళముల మందముగల పోతయినుము మెలిపడునా యని సందేహము కలుగవచ్చును. కంటికి కానరానంత మెలిపడుటకు దాని స్వంత బరువే చాలును.

లెవెల్ చూపినంతనే తృప్తిపడక, పనితోనే పరీక్షింపవలెను. సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసముగల ఇనుపకడ్డీని చక్‌లో గట్టిగా బిగించి, టెయిల్‌స్టాక్ ఆనుదల లేకుండ, 150 మిల్లీమీటర్లకు మించి వెలుపలికి ఉంచవలెను. కడ్డీ నడుమభాగమును కొంచెము లోతుగా కోసి, రెండు కొసలయందు రెండు కడియములవంటి భాగములను మిగుల్పవలెను. ఉలిని కదల్పక, ఒకే లోతున, రెండు కడియములపైనను పలుచని కోత కోయవలెను. తరువాత మైక్రోమీటరుతో రెండింటిని కొలువవలెను. కొలతలు సమానమైనచో లేతు చక్కగా నిలిచినది. బయటి కడియము లావుగా నున్నచో, ఆ కొసన ఉలి పనికి దూరమైనదని తెలిసికొనవలెను. అప్పుడు కుడికొసన, పనివాడు నిలుచు వైపున నున్న పాదము క్రింద పలుచని రేకు నొకదానిని చేర్చి ఎత్తవలెను. బయటి కడియము సన్నగా నున్నచో ఆ పాదమును దింపవలెను. మరల కోసి, మరల కొలువవలెను. ఈ పని యొక పూట పట్టవచ్చును, రెండు దినములు పట్టవచ్చును.

ఇచట విద్యార్థులు ఒక లెక్కను గమనింపవలెను. ఉలి 0.02 మిల్లీమీటరు దూరమైనచో కడ్డీ వ్యాసము 0.04 మిల్లీమీటరు పెరుగును. ఉలి కోయునది వ్యాసార్ధమును, కొలుచునది వ్యాసమును. కావున నిలుపుటలోని ప్రతి తప్పును పనిలో రెట్టింపై కనబడును.

ఈ 0.04 మిల్లీమీటరు వెంట్రుక మందముకంటెను తక్కువ. దానివలన రైతునకు వచ్చు నష్టమేమి యని అడుగవచ్చును. మోటారులో తిరుగు రోటరు దిమ్మె షాఫ్టుపై బిగువుగా ఎక్కింపబడియుండును. ఆ దిమ్మె పొడవు 150 మిల్లీమీటర్లనుకొందము. మెలిపడిన లేతుపై కోసిన క్రొత్త షాఫ్టు ఒక కొసన లావుగాను, ఒక కొసన సన్నగాను ఉండును. దిమ్మె లావైన కొసన మాత్రమే పట్టును. సన్నని కొసన వదులుగా నుండును. మోటారు నిమిషమునకు వేయికి పైగా చుట్లు తిరుగునపుడు ఆ వదులు పెరిగి, రోటరు ఊగులాడును. రోటరునకును, దాని చుట్టునున్న స్టేటరునకును నడుమ నుండు సందు చిన్న మోటార్లలో సుమారు అర మిల్లీమీటరో, అంతకు తక్కువయో. ఊగు రోటరు ఒకనాడు స్టేటరును ఒరయును. తీగచుట్ట వేడెక్కి కాలిపోవును. బాగుచేయించి తెచ్చిన మోటారు నెల తిరుగకముందే మరల ఆగును. రైతు కంపెనీని నిందించును, కరెంటును నిందించును, తన అదృష్టమును నిందించును. తప్పు మాత్రము ఎక్కడో ఒక కార్ఖానాలో లేతు పాదము క్రింద పెట్టవలసిన రేకు పెట్టకపోవుటలో నున్నది.

బేరింగు కూర్చుండు చోటు ఇంకను సూక్ష్మమైనది. 6305 అను సంఖ్యగల బేరింగు రంధ్రపు వ్యాసము 25 మిల్లీమీటర్లు. షాఫ్టు దానికంటె మిల్లీమీటరులో రెండు వేయవవంతులు మొదలు పదునైదు వేయవవంతుల వరకు మాత్రమే లావుగా నుండుట వాడుక. అంతకు సన్నగిల్లినచో బేరింగు జారి షాఫ్టును తినివేయును. లావైనచో బేరింగు గుండ్లు నలిగి వేడెక్కును. ఇట్టి కొలతను కంటితోను, చేతితోను తెలిసికొనజాలము. అందుచేత లేతు కొనువాడు మంచి మైక్రోమీటరును కూడ కొనక తప్పదు. కోత వేడిమీద నున్న ఇనుము వ్యాకోచించియుండును గనుక, చల్లారిన పిదపనే తుది కొలత తీయవలెను.

లేతు నిలిచిన పిదప జాగ్రత్తలు కొన్ని మిగిలియున్నవి. యంత్రపు ఇనుపశరీరమునకు తప్పక ఎర్తు తీగ కలుపవలెను. ప్రతిదినమును పట్టాలను తుడిచి నూనె రాయవలెను. దిమ్మె కొంత సర్దుకొనుట సహజము గనుక కొన్నివారముల పిదప మరల మట్టము చూడవలెను. ఆ పిమ్మట కూడ అప్పుడప్పుడు పరీక్షించుట మంచిది.

పనివాని జాగ్రత్త అన్నిటికంటె ముఖ్యము. వ్రేలాడు పంచె, కండువా, పొడవుచేతుల చొక్కా, విడిచిన జడ, ఉంగరము, చేతిగడియారము, ఇవి యేవియు తిరుగు చక్ దగ్గరకు రాగూడదు. చేతితొడుగులు రక్షణకని తొడుగుకొనుట కూడ ప్రమాదమే. చక్ తొడుగును పట్టినచో చేతిని కూడ లాగికొనిపోవును. చక్‌ను బిగించిన తాళపుచెవిని దానిలోనే మరచి మీట నొక్కినచో అది తూటావలె ఎగిరివచ్చును. అందుచేత మంచి పనివాడు తాళపుచెవిని చక్‌లో నుండగా చేయి విడువడు. కోతలో రాలు ఇనుపచుట్టలు కత్తులవంటివి. యంత్రము నాపి, కొక్కెముతోనే వానిని లాగవలెను. కన్నులకు అద్దములు లేనిదే పనికి నిలువరాదు.

లేతు పనిని నేర్వగోరు విద్యార్థులకు పదవతరగతి పిదప ఐ.టి.ఐ.లలో టర్నరు అను శాఖ కలదు. అందు చేరినవారికి మొదట ఇచ్చునది లేతు కాదు. ఆకురాయిని ఇచ్చి, ఒక ఇనుపముక్కను చదరముగా రాయుమందురు. కొందరు బాలురు దానిని చూచి విసుగుకొందురు. చేతికి మట్టము తెలిసిన పిదపనే యంత్రపు మట్టము తెలియునని వారికి క్రమముగా బోధపడును.

ఉదయగిరిలో కొయ్య గరిటెను మలచు పనివాడు తన ఆకురాయిని ఎన్నిమార్లు నడపినను, నడుమనడుమ ఆపి, గరిటెను వెలుతురునకు పట్టి చూచును. ఆత్మకూరులో లేతుపై షాఫ్టును కోయు పనివాడు కోతకు కోతకు నడుమ ఆపి, మైక్రోమీటరుతో కొలుచును. ఒకరిది కొయ్య, ఒకరిది ఇనుము. పని యేదైనను, తన పనిని తానే పరీక్షించుకొని, తప్పు కనబడినచో దాచక దిద్దుకొనువాడే పనివాడు. అట్టివాడు నిలిపిన లేతు ఉన్న ఊరిలో, వేసవిలో ఆగిన మోటారు మరల తిరుగును. ఎండనున్న చేనికి మరల నీరు పారును.